నెలవంక బడిచూపులు

అనగనగా ఒక అడవి. పేరు అడక్కండి. చెప్పానంటే రేపు పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళమని నా ప్రాణం తీస్తారు. ఆ అడవిలో చెట్లకి కొదవ లేదు, పళ్ళకి కొదవ లేదు. కొదవల్లా నీళ్ళకే. ఎండాకాలం వచ్చిందంటే మూడు నెలలు గొంతులు పిడచకట్టుకుపోయేవి. అందుకే అక్కడ రాజుకన్నా, మంత్రికన్నా, నేల కింద నీళ్ళు ఎక్కడున్నాయో కనిపెట్టేవాళ్ళకే మర్యాద ఎక్కువ.

ఆ అడవిలో ఒక ఎలుగుబంటి కుటుంబం ఉండేది. తండ్రి బొద్దయ్య, తల్లి తేనెమ్మ, నానమ్మ జడలమ్మ. పెద్ద కూతురు నెలవంక. గుండెల మీద తెల్లగా చంద్రవంక లాంటి మచ్చ ఉండేది, అందుకని ఆ పేరు. తన తర్వాత కవల తమ్ముళ్ళు, గుండూ బొండూ. వాళ్ళిద్దరి సంగతి వేరే చెప్పక్కర్లేదు, మీలాంటివాళ్ళే. నిద్ర లేచింది మొదలు ఆకలి, ఆకలి.

ఇంతమంది కడుపులకీ ఆధారం ఒక్క ఇప్పచెట్టు. తాతల నాటిది. ఎండాకాలంలో పూలు రాలితే ఏరేవారు. ఎండబెట్టి దాచుకుని ఏడాదంతా తినేవారు. ఆ చెట్టు లేకపోతే గుండూ బొండూ పస్తే.

నెలవంకకి పుట్టుకతో ఒక వరం ఉంది. ముక్కు! ఎండిన నేలని వాసన చూసి, "ఇక్కడ కింద తడి ఉంది" అనేది. తవ్వితే ఒక్కోసారి నిజంగానే తడి తగిలేది. చాలాసార్లు తగిలేది కాదు. మరి పుట్టుకతో వచ్చేది సగమే కదా, తక్కిన సగం ఎవరైనా నేర్పాలి. ఆ ఏడు నెలవంక చిన్నబడి ముగించింది. మన లెక్కలో పదహారేళ్ళ పిల్ల అనుకోండి. ఇక నీళ్ళ చదువు చెప్పే పెద్దబడిలో చేరాలి. తొలకరి పడేలోపు చేరకపోతే ఆ ఏడాది పోయినట్టే.

ఏ బడిలో చేరాలి? అడవంతా ఒకటే మాట. ఎత్తుకొండ విద్యాలయం!

దాన్ని నడిపేది పింఛాల రాయుడనే నెమలి. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు నుంచీ ఆయన చిలకలు చెట్టుచెట్టు మీదా వాలి ఒకటే అరుపు.

"ఒకటి! ఒకటి! ఒకటి! రెండు! రెండు! మూడు! మూడు! అన్ని ర్యాంకులూ ఎత్తుకొండవే!"

చెవులు చిల్లులు పడేవి. ఒకే పరీక్షలో ముగ్గురికి ఫస్టు ర్యాంకు ఎలా వచ్చిందని ఎవ్వరూ అడగలేదు. అడగరు కూడా. అరుపు గట్టిగా ఉంటే చాలు మనకి.

ఒకరోజు ఎత్తుకొండ తరఫున ఒక గోరింక ఎలుగుబంట్ల ఇంటికి వచ్చింది. పిల్లల్ని బడిలో చేర్పించడమే దాని ఉద్యోగం.

"నమస్కారం బొద్దయ్య గారూ! మీ అమ్మాయి ముక్కు గురించి కొండ మీద కూడా చెప్పుకుంటున్నారండీ. అలాంటి ముక్కు ఎత్తుకొండలో ఉండాలి గానీ ఈ పొదల్లో ఏంటండీ? సీట్లు మూడే మిగిలాయి. సాయంత్రానికి రెండే!" అంది గోరింక.

"మరి ఫీజు?" అని అడిగింది తేనెమ్మ.

"ఫీజుదేముందమ్మా! ఆ ఇప్పచెట్టు మా పేర ఇచ్చేయండి చాలు. అందరి దగ్గరా రెండేసి చెట్లు తీసుకుంటున్నాం. మీరు కాబట్టి ఒక్కటే!"

వాళ్ళకున్నదే ఒక్కటి! అయినా బొద్దయ్యకి ఆ లెక్క తట్టలేదు. ఆయన అప్పటికే కొండ మీదున్నాడు. "మా అమ్మాయి ఎత్తుకొండలో చదువుతోంది" అనే మాటని నాలుగు రకాలుగా అని చూసుకున్నాడు. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, ఏమీ ఎరగనట్టు ఒకసారి, తల తిప్పుతూ ఒకసారి.

నెలవంకకీ అక్కడికే వెళ్ళాలని ఉంది. ఎందుకంటే తన స్నేహితురాలు చెంగి అనే కుందేలు అక్కడే చేరుతోంది. ఎంత గొప్ప కారణమో చూడండి!

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. చెట్టు మాను మీద ఐదు గోళ్ళ ముద్ర వేశారంటే, ఆ చెట్టు చేతులు మారినట్టే. బొద్దయ్య గోళ్ళు పైకెత్తాడు. అప్పుడు లేచింది నానమ్మ జడలమ్మ.

"ఒరే బొద్దయ్యా, ఆగు! నీ పెళ్ళికి సంబంధం చూడ్డానికి మీ నాన్నా నేనూ మూడు అడవులు తిరిగాం. ఆ ఇంట్లో ఎవరు కోపిష్టి, ఎవరు తిండిపోతు, అన్నీ ఆరా తీశాం. ఇప్పుడు పిల్ల బతుకంతా తేలే చదువుకి గోరింక నోటిమాట చాలుట్రా?"

"అమ్మా, అందరూ అదే మంచిదంటున్నారే!"

"అందరూ ఎవర్రా? అరిచే చిలకలా? పెళ్ళిచూపులకి వెళ్ళినట్టే బడిచూపులకి వెళ్దాం. నాకు మూడు రోజులియ్యి."

తేనెమ్మ కూడా అత్తగారి పక్షమే నిలబడింది. గోరింక మొహం మాడ్చుకుంది. "మూడు రోజుల తర్వాత సీటు ఉంటుందో లేదో!" అని ఎగిరిపోయింది.

దారిలో నానమ్మ మనవరాలికి చెప్పింది. "సంబంధం చూడ్డానికి వెళ్ళినప్పుడు మా అమ్మ మూడు పనులు చేసేది. చెప్పకుండా వెళ్ళేది. ముందు గది కాదు, పెరడు చూసేది. మంచినీళ్ళడిగి తాగి, ఎక్కడివని అడిగేది. ఆ ఇంటి సంగతంతా ఆ నీళ్ళే చెప్పేవి. నేను తోడు మాత్రమే వస్తాను. అడగాల్సింది నువ్వే. చదవబోయేది నువ్వు కదా!"

"నాకు సిగ్గు నానమ్మా!"

"సిగ్గుపడితే రెండేళ్ళు ఏడవాలి. అడిగెయ్యి!"

మొదటి రోజు ఎత్తుకొండ ఎక్కారు. ఆహా, ఏం బడి! రంగురాళ్ళ గోడలు, పూలతీగల ద్వారం. పింఛాల రాయుడు పింఛం విప్పి ఎదురొచ్చాడు. నెలవంక నోరు తెరిచి చూస్తూ నిలబడింది. జడలమ్మ మాత్రం మనవరాలి చెయ్యి పట్టుకుని గబగబా పెరట్లోకి దారి తీసింది.

పెరట్లో ఒక దుప్పిపిల్ల కూర్చుని ఊగుతూ ఏదో వల్లిస్తోంది. కళ్ళు గుంటలు పడిపోయాయి.

"అక్కా, ఏం చదువుతున్నావు?" అని అడిగింది నెలవంక.

"నీటికి నూట ఎనిమిది పేర్లు. అన్నీ వరుసగా చెప్పగలను. వెనక నుంచి కూడా చెప్పగలను!"

"మరి ఎప్పుడైనా నీళ్ళు కనిపెట్టావా?"

దుప్పిపిల్ల వింతగా చూసింది. "అది పరీక్షలో రాదు కదా!" అంది.

ఇంతలో ఒక కారుదున్న రొప్పుతూ వచ్చింది. వీపు మీద నీళ్ళు నింపిన సొరకాయ బుర్రలు. జడలమ్మ నెలవంకని మోచేత్తో పొడిచింది.

"మామయ్యా, దాహంగా ఉంది. కాసిని మంచినీళ్ళు పోస్తావా?" అని అడిగింది నెలవంక. తాగింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. "ఈ నీళ్ళు ఎక్కడివి మామయ్యా?"

"ఎక్కడివేంటి తల్లీ, కిందున్న ఎండవాగువి. ఐరావతమ్మ బడి పిల్లలు ఇసకలో చెలమలు తవ్వుతారు. రోజూ నాలుగుసార్లు దిగి మోసుకొస్తాను. ఇక్కడెవరికి తవ్వడం వచ్చు!" అంది కారుదున్న.

నానమ్మా మనవరాలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్ళ చదువు చెప్పే బడికి తాగడానికి నీళ్ళు ఇంకో బడి నుంచి వస్తున్నాయి! పైన పటారం, లోన లొటారం అంటే ఇదే మరి.

వెళ్ళేముందు నెలవంక ధైర్యం చేసి రాయుడిని అడిగింది. "మధ్యలో నాకు పడక ఇంటికెళ్ళిపోతే, మా చెట్టు మాకిస్తారా అండీ?"

"ఇచ్చిన చెట్టు ఇచ్చినట్టే!" అని నవ్వాడు రాయుడు. ఆ నవ్వు చూసి నెలవంక నానమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుండూ బొండూ గుర్తొచ్చారు.

పెరడు దాటుతుంటే తన ముక్కు అదిరింది. "నానమ్మా, ఇక్కడ తడి వాసన వస్తోంది!" అంది.

"బుర్రల్లోంచి ఒలికిన నీళ్ళేమోలే, పద" అంది జడలమ్మ.

దారిలో నానమ్మ ఒక మాట చెప్పింది. "అది చెడ్డ బడి అనను. పాఠాలు అప్పజెప్పడంలో సంతోషం ఉన్నవాళ్ళకి బాగానే ఉంటుంది. నీ బుర్ర నీ ముక్కులో ఉంది తల్లీ. అక్కడ దానికి పని లేదు."

సంగతి విని బొద్దయ్య మూతి ముడుచుకున్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం.

రెండో రోజు నీటిమడుగు బడికి వెళ్ళారు. పంతులుగారు ఒక కొంగ. ఫీజు లేదు. అసలేమీ లేదు! ఈసారి తోడొచ్చిన బొద్దయ్య ఎగిరి గంతేశాడు. "చెట్టు మిగులుతుంది! ఇక్కడే చేర్పించేద్దాం!" నిన్నటిదాకా ఊహల్లో కొండ మీదున్న మనిషి ఇవాళ మడుగులో దిగాడు. మనిషి అన్నానా? ఎలుగుబంటి, ఎలుగుబంటి. నవ్వింది చాల్లే, వినండి.

కొంగ పంతులు ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. ముందు కప్పలు గోల గోల.

"పాఠం ఎప్పుడు చెబుతారు?" అని నెలవంక ఒక కప్పని అడిగింది.

"జపం అయ్యాక."

"జపం ఎప్పుడవుతుంది?"

"మేం చేరి ఏడాదైంది. ఇంకా అవలేదు!"

నెలవంక మడుగు నీళ్ళు తాగబోయింది. పచ్చగా పాచి. గొంతు దిగలేదు. "నాన్నా, ఇక్కడ చెట్టు మిగులుతుంది. కానీ నేను మిగలను" అంది.

ఆ మాటకి బొద్దయ్య వంగి తనూ ఒక గుక్క తాగి, తుపుక్కున ఊసేశాడు.

మూడో రోజు ఎండవాగుకి వెళ్ళారు. గోడ లేదు, బోర్డు లేదు. ఇసక, ఎండ, ఒక తుమ్మచెట్టు నీడ. చెవులు చిరిగిన ముసలి ఏనుగు ఐరావతమ్మ, చుట్టూ గోళ్ళ నిండా మట్టితో పదిమంది పిల్లలు. నెలవంకకి ఏడుపొచ్చినంత పనైంది.

"నానమ్మా, ఇదా బడి? చెంగికి చెప్తే నవ్వుతుంది!"

"ముందు నీళ్ళు తాగవే!" అంది నానమ్మ.

తాగింది. కొండ మీద తాగిన నీళ్ళే! అవే చల్లన, అదే తీపి. ఈసారి ఎక్కడివని అడగక్కర్లేకపోయింది. ఎదురుగా ఒక ముంగిసపిల్ల చెలమలోంచి తోడుతూ ఉంది.

నెలవంక దాని పక్కన కూర్చుంది. "నీకు మొదట్లోనే వచ్చేసిందా?" అని అడిగింది.

"అబ్బే! ఆరు నెలలు నేను తవ్వినవన్నీ ఉత్త గోతులే. పెద్దమ్మ ఒక్కమాట అనలేదు. ప్రతి గోతి దగ్గరా కూర్చుని, ఎందుకు రాలేదో నాతోనే చెప్పించింది."

"ఇక్కడ చదివినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు?"

"పడమటి లోయలో ఇద్దరు, ఏటి అవతల ముగ్గురు. అడవి వాళ్ళని పిలిచి పీట వేస్తోంది. ఒకడు మాత్రం మానేసి తేనె పడుతున్నాడు. వాడూ బాగానే ఉన్నాడు!"

ఐరావతమ్మ దగ్గరికొచ్చింది. "నాకు నీ మార్కులొద్దు పిల్లా. ఈ ఇసకలో ఎక్కడ తవ్వుతావు?" అంది.

నెలవంక వాసన చూసి తవ్వింది. పొడి ఇసక. ఇంకోచోట తవ్వింది. పొడే. మొహం ఎర్రబడింది. మూడోచోట మోకాలి లోతున ఇసక కాస్త చల్లగా, కాస్త ముద్దగా తగిలింది. నీళ్ళు మాత్రం ఊరలేదు.

"ఇంతే వచ్చింది పెద్దమ్మా" అంది తలొంచుకుని.

"తడి నీది. నీళ్ళు నేను నేర్పుతాను. రేపే రా!" అంది ఐరావతమ్మ.

ఫీజు ఏడాదికి రెండు బుట్టల ఇప్పపూలు. ఒక బుట్ట ఇవ్వగలరు. రెండోది ఇస్తే గుండూ బొండూకి చాలవు. నెలవంక నానమ్మ వైపు చూసింది. "అడగందే అమ్మయినా పెట్టదు" అని గొణిగింది నానమ్మ.

నెలవంక గొంతు సవరించుకుంది. "పెద్దమ్మా, మేం ఒక్క బుట్టే ఇవ్వగలం. ఇంకేదైనా దారి ఉందా?"

ఏనుగు చెవులు ఊపింది. "ఉంది. తెల్లారగానే వచ్చి దారినపోయేవాళ్ళ కోసం ఒక చెలమ పూడిక తీసిన పిల్లలకి సగం ఫీజు లేదు. ఎన్నేళ్ళుగానో ఉంది. అడిగేవాళ్ళే లేరు!"

ఇల్లు చేరేసరికి గోరింక సిద్ధం. "ఆఖరి సీటు బొద్దయ్య గారూ! మీకోసమే ఆపాను. ముద్ర వేసెయ్యండి!" బొద్దయ్యకి మళ్ళీ ఆశ పుట్టింది. చెయ్యి దానంతటదే లేచింది. ఇప్పచెట్టు కింద గుండూ బొండూ రాలిన పూలు ఏరుకుని తింటున్నారు.

"నాన్నా, చెయ్యి దించు" అంది నెలవంక. "నేను ఎండవాగులో చదువుతాను."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పుకోవాలే నేను?" అన్నాడు బొద్దయ్య. పాపం, తండ్రి కదా. కూతురి గురించి గొప్పగా చెప్పుకోవాలని ఎవరికుండదు?

"నీళ్ళు పడ్డప్పుడు చెప్పుకో నాన్నా!"

బొద్దయ్య చెట్టు వంక చూశాడు, పిల్లల వంక చూశాడు, చెయ్యి దించేశాడు. గోరింక తిట్టుకుంటూ ఎగిరిపోయింది.

రెండేళ్ళు. తెల్లారగానే చెలమ పూడిక, ఆ తర్వాత పాఠం. ఎండు గోతులు ఎన్ని తవ్విందో లెక్కలేదు. ఒలికిన నీటి వాసన వేరు, ఊరే నీటి వాసన వేరని నేర్చుకుంది. ఒలికింది పైపైనే ఉంటుంది, ఎండకి పోతుంది. ఊట వాసన లోపల్నుంచి వస్తుంది, ఎండ పెరిగేకొద్దీ పెరుగుతుంది. ఆ పాఠం విన్న రోజు నెలవంకకి ఎత్తుకొండ పెరడు గుర్తొచ్చింది. ఆ రోజు మిట్టమధ్యాహ్నం ఎండ. అంత ఎండలోనూ తన ముక్కు అదిరింది!

రెండో ఏడు ఎండాకాలం కనీవినీ ఎరగనిది. మడుగు ఎండింది. కొంగ జపం మానేసి ఎగిరిపోయింది. చివరికి ఎండవాగు చెలమలు కూడా అడుగంటాయి. లేళ్ళు నడవలేక పడిపోతున్నాయి. గుండూ బొండూ ఆకలి మాట మరిచిపోయి నీళ్ళు, నీళ్ళు అంటున్నారు.

నెలవంక ఎత్తుకొండ పెరట్లో వచ్చిన వాసన సంగతి పెద్దమ్మకి చెప్పింది. "నా మోకాళ్ళు కొండెక్కవు. నువ్వు వెళ్ళు!" అంది ఐరావతమ్మ.

నెలవంక ఎత్తుకొండ పెరట్లోకి నడిచింది. వెనకే అడవంతా కదిలింది. నేల వాసన చూసి తవ్వడం మొదలుపెట్టింది. మొదటి గొయ్యి రాయి తగిలి ఆగింది. చిలకలు కిలకిలా నవ్వాయి. రెండో గోతిలో ఉత్త దుమ్ము. "నా పెరడంతా పాడుచేస్తోంది! ఎండవాగు చదువు ఇంతే!" అని రాయుడు గంతులు వేశాడు. నెలవంక తొణకలేదు. రెండో గోతి పక్కన కూర్చుని, ఎందుకు రాలేదో తనకి తనే చెప్పుకుంది. మొదటి గోతిలో రాయి అక్కడున్న పుట్ట వైపు వాలింది. అంటే నీళ్ళూ అటే జారతాయి. లేచి పదడుగులు నడిచి, పుట్ట పక్కన మూడో గొయ్యి తవ్వింది.

మోకాలి లోతు. నడుం లోతు. మనిషి లోతు. గోళ్ళు రాయి సందులో దూరాయి. ఒక్క పెకలింపు పెకలించింది.

బుడుంగ్!

నీళ్ళు! చేతులు తడిశాయి, మొహం తడిసింది, గుండెల మీది తెల్లమచ్చ తడిసింది. గొయ్యి నిండి, పొంగి, నీళ్ళు పెరడంతా పారి, కొండ దిగి ఎండవాగు వైపు ఉరికాయి. లేళ్ళు తాగాయి. కారుదున్న కడుపారా తాగి, "ఇక నేను కొండ దిగక్కర్లేదు!" అని పిల్లదూడలా గంతులేసింది. నూట ఎనిమిది పేర్లు తెలిసిన దుప్పి మూతి ముంచి ఒక్క పేరూ చెప్పకుండా తాగింది. చెంగి పరుగున వచ్చి నెలవంకని వాటేసుకుంది.

బొద్దయ్య సంగతి చెప్పలేదు కదూ! రెండేళ్ళుగా దాచుకున్న మాట ఆయన గొంతులో ఆగలేదు. అక్కడున్న అన్నిటికన్నా పెద్ద బండ ఎక్కాడు. కొండలు దద్దరిల్లేలా అరిచాడు.

"మా అమ్మాయి! ఎండవాగులో చదివింది!"

చిలకలకి అలవాటు కదా, విన్నది అరవడమే. చెట్టుచెట్టు మీదా అందుకున్నాయి. "ఎండవాగు! ఎండవాగు! ఎండవాగు!"

ఆ సాయంత్రం ఆ ఇప్పచెట్టు పూలే అడవికంతటికీ విందు. గుండూ బొండూ వడ్డించారు, వడ్డించినదానికన్నా ఎక్కువ తిన్నారు.

అందరూ వెళ్ళాక పింఛాల రాయుడు పింఛం ముడుచుకుని మెల్లగా ఊట దగ్గరికొచ్చాడు. ఎవరూ చూడట్లేదనుకుని వంగాడు. జడలమ్మ అక్కడే కూర్చుని ఉంది.

"తాగు నాయనా, సిగ్గుపడకు" అంది. "ఈ నీళ్ళు ఎక్కడివో రేపటి నుంచి నీ బడి చూడ్డానికొచ్చే ప్రతివాళ్ళూ అడుగుతారు. నిజం చెప్పు, అంతే."

నీతి: చదువుల చోటు ఎంచేటప్పుడు అరుపులు విని కాదు, పెరడు చూసి, నోరు తెరిచి అడిగి, మన పిల్ల వరానికీ మన ఇంటి చెట్టుకీ సరిపడేదాన్నే ఎంచాలి.